పెనం కాగే లోపు

కూర్మన్నపాలెం జంక్షన్లో తెల్లారి ఐదున్నర.
మొదటి బస్సు ఇంకా నిద్రమొహంతోనే నిలబడి ఉంది.
మా బండి మీద మొదటి పని
నూనె కాదు, పిండి కాదు,
ఊరుకోవడం.

గైరమ్మ పొయ్యి వెలిగించి చేతులు కట్టుకుంటుంది.
నేను గరిటె అందుకుంటే
"ఏటా తొందర? ఇంకా కాగనేదు" అంటుంది.

ఇరవై తొమ్మిదేళ్లు
ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడ్డవాణ్ణి.
పద్నాలుగు వందల తొంభై డిగ్రీలని
గోడ మీది అంకె చెబితే నమ్మినవాణ్ణి.
ఇనుము కాలవ కట్టి పారుతుంటే
నీలి కళ్లద్దాల్లోంచి ఓ చూపు చూసి
టీ తాగడానికి వెళ్లిపోయినవాణ్ణి.
అలాంటి నాకు
మూరెడు ఇనప పెనం
వేడెక్కిందో లేదో తెలీలేదు.

అందరూ పెనం మీంచి పొయ్యిలో పడతారు.
నేను పొయ్యిలోంచి పెనం మీద పడ్డాను.

మొదటిరోజు పోసిన అట్టు
పెనాన్ని కరుచుకుని రానంది.
అట్లకాడతో గీకితే
తడిసిన గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా వచ్చింది.
ఆటో సన్యాసిరావు ఆ ముక్కలే తిని
పూర్తి డబ్బులిచ్చాడు.
ఆ జాలి నా గొంతు దిగేసరికి మధ్యాహ్నం అయింది.

"మీటర్లు చూసీ కళ్లు కదా, ఇటు సూడు"
అని గైరమ్మ వేళ్లు ముంచి విదిల్చింది.
చుక్క పడింది. సుయ్యిమని అక్కడే చచ్చిపోయింది.
"పచ్చి వేడి."
గంగవరం వైపు నుంచి గాలొచ్చి మంటని పక్కకి తోస్తే
పాత నూనెడబ్బా రేకు అడ్డం పెట్టింది.
మళ్లీ విదిల్చింది.

ఈసారి చుక్క చావలేదు.
గుండ్రంగా ముడుచుకుని
బడి వదిలిన గుంటడిలా పెనమంతా పరిగెత్తింది.
పోద్దామని వంగాను. చెయ్యి పట్టుకుంది.
చారెడు నీళ్లు చల్లి, గుడ్డతో తుడిచి,
సగం ఉల్లిపాయ నూనెలో అద్ది రుద్దింది.
కాగాలి. కాగాక ఒక మెట్టు దిగాలి.

అప్పుడు గుర్తొచ్చింది.
ఒకసారి మా కొలిమి ఇటుకలు మార్చి మళ్లీ రాజేసినప్పుడు
రోజుల తరబడి కొంచెం కొంచెంగా వేడి పెంచాం,
తొందరపడితే లోపల పగులుతుందని.
రాత్రి షిఫ్టులో దాని పక్కనే కూర్చుని
బాలింత గది బయట కాపలా ఉన్నట్టు
మెల్లగా మాట్లాడుకున్నాం.
నాకు తెలుసు ఇదంతా.
పెద్ద మంట దగ్గర తెలిసింది
చిన్న మంట దగ్గర మర్చిపోయాను.

ఇవాళ "సి" షిఫ్టు దిగిన కుర్రాళ్లు నలుగురు
బండి చుట్టూ మూగారు.
"బేగి కానీ బాబాయ్, బస్సెళిపోద్ది."
నేను చేతులు కట్టుకున్నాను.
బస్సు ఇంజను మోగింది. అయినా కట్టుకునే ఉన్నాను.
కాసేపటికి వేళ్లు విదిల్చాను.
చుక్క ఉరికి, అంచు దాటి, మంటలో దూకింది.

గైరమ్మ అటు తిరిగి చిల్లర లెక్కపెట్టుకుంటోంది.
తల తిప్పలేదు.
ఆ చప్పుడు విని
"పొయ్యి" అంది.