గరిక వేరు

గాజువాక దాటాక, రైలు గేటుకి ఎడమపక్క
దేముడమ్మ మడి.
మూతపడ్డ కర్మాగారం గోడకి అవతల బూడిదగుట్ట,
ఇవతల ఆమె తోటకూర.
మూడో ఆకు వెయ్యకుండానే పసుపెక్కి
కూలబడిపోయే తోటకూర.

"నీరెట్టాను, గత్తమెట్టాను,
దిష్టి కూడా తీసాను బాబూ,
ఇంకేటి సెయ్యాల?"

మా ల్యాబులో ఆ మట్టి పేరు శాంపిల్ పదిహేడు.
సీసమంటే పద్యమని బళ్ళో చదివినవాణ్ణి,
కాగితం మీద దాని అంకె చూశాక
ఆ మడిలో చెప్పులు విప్పలేదు.
ఆమెకి చెప్పుల్లేవు.

కానీ గుట్ట మీద, ఏదీ మొలవని చోట
గరిక ఉంది.
ఎవరూ నాటలేదు,
చవితికి కూడా ఎవరూ కోసుకెళ్ళలేదు.
ఒక్క పిలకని వేరుతో పీకి
జేబురుమాల్లో చుట్టి
సిటీబస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

వేరు కడిగిన నీళ్ళు గాజుపళ్ళెంలో పోస్తే
మూడోనాటికి గసగసాలంత మచ్చలు.
సీసం కలిపిన తిండి పెట్టాను.
నలభై రకాల్లో రెండు చావలేదు.
ఆ రెంటినీ బెల్లంనీళ్ళతో వారం సాకి
కూల్‌డ్రింకు సీసాలో పోసుకుని
దేముడమ్మ గుమ్మంలో దిగాను.

"ఇయ్యి ఇసాన్ని తినేత్తాయా?"
తినవమ్మా. మూటకట్టి పక్కన పడేసి
వేరు వాకిట్లో కూర్చుంటాయి,
లోపలికి పోనివ్వవు.
"మా అత్తనాగ," అంది.
విత్తనాలు అందులో నానేసింది.
అడుగున మిగిలింది పారబొయ్యడానికి చెయ్యి రాక
"పేనాలు కదా" అని
గట్టు మీది కరివేపాకు మొక్కకి పోసింది.

నలభయ్యో రోజు.
ఎర్రకాడ తోటకూర, మోకాలెత్తు,
సముద్రం గాలికి ఒక్కసారే పక్కకి తిరిగే ఆకులు.
ఫోటోలు తీశాను, మేడమ్‌కి పంపాను.
ల్యాబుకెళ్ళిన ఆకులు కాగితమై తిరిగొచ్చాయి:
సీసం సగానికి తగ్గింది.

గట్టుమీద నిలబడి గట్టిగానే చదివాను.
దేముడమ్మ కొడవలి కిందపెట్టింది.
"సగమంతే,
మనవరాలికి ఏ సగం ఎట్టమంతావు?"

బళ్ళో చదివిన సీసానికి
చివర ఎత్తుగీతి ఉండేది.
దీనికి లేదు.

ఆ పంట ఆమె కొయ్యలేదు, అమ్మలేదు,
మేకల్ని అటు రానివ్వలేదు.
గింజకి వదిలేసింది.
కంకులు నలుపుతూ అడిగింది,
"ఈ సగంలో సగం, అందులో సగం...
ఎన్ని పంటలకి సున్నా అవుతాదో లెక్క గట్టు."
సగాలు చేస్తూపోతే సున్నా రాదని
నాకు తెలుసు. చెప్పలేదు.

బస్సెక్కేముందు
కడిగి ఆరబెట్టిన సీసా చేతికిచ్చింది.
"ఈసారి పెద్దది తే."