తాకట్టు చీటీ

జెకర్యా సాక్సఫోను మూడుసార్లు తాకట్టు పడింది
వన్‌టౌన్‌లో సేటు కొట్టు బీరువాలో,
ఎవరిదో వెండి కంచానికీ, ఇంకెవరిదో గోడ గడియారానికీ మధ్య.

మొదటిసారి నా పురుటికి.
రెండోసారి వాడి తాగుడికి.
మూడోది నన్నడగొద్దు.
ఆమె పేరు సుగుణమణి, ఉండేది గుణదల, అంతే.

తాగినప్పుడు వాడు.
వాయించినప్పుడు మాత్రం ఆయన.

బిట్రగుంట నుంచి బదిలీ మీదొచ్చిన గార్డు దొర
నేర్పాడట ఆయనకి జాజ్.
రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం రాత్రుళ్లు
చెక్క నేల మీద బూట్లు గిర్రున తిరిగేవట.
దొరలు పోయారు. నేల మిగిలింది.

తర్వాతంతా పెళ్లి బ్యాండే.
ఎర్రకోటు, జనరేటర్ బండి, బందరు రోడ్డు.
ఊరేగింపు ఆగిన చోట
పాటలోంచి పక్కసందులోకి తిరిగేవాడు
తనొక్కడికే తెలిసిన దారంట.
"పాట వాయించవయ్యా!" అని
పెళ్లికొడుకు బాబాయి అరిచేదాకా.

ఇంటికీ అట్లాగే వచ్చేవాడు,
ఎక్కడెక్కడో తిరిగి
సరిగ్గా నేను తలుపేసే వేళకి.

మొన్న చొక్కా జేబులో చీటీ దొరికింది,
ఉతుకులో నాని, అంకెలు అలుక్కుపోయి.
జాకెట్లు కుట్టిన డబ్బుతో నేనే విడిపించాను.
మనిషి గుణదలలోనే ఉన్నాడు.

రాత్రి మూడింటికి
గూడ్సుబండి కృష్ణ వంతెనెక్కినప్పుడు
మంచం కింద పెట్టె సన్నగా అదిరింది.
మూత తీసి చూశాను.
నోరానించే నల్లముక్క మీద
పంటిగాట్లు రెండు.
వాడివో, ఆయనవో.

పెదవులు పెట్టి ఊదాను.
ఒట్టి గాలి.
కాస్త సారా వాసన.