నీలం గసాలు

పొగతోట సందులో మెట్లెక్కితే మా పార్లరు.
కింద మందుల షాపు, పక్కన స్కానింగు సెంటరు.
రిపోర్టు కోసం ఎదురుచూసే గంటలో
కొంతమంది పైకొచ్చి మొహం చేయించుకుంటారు.

పన్నెండేళ్లుగా ఈ వేళ్లతోనే
ఊళ్లో వాళ్ల చెంపలు రుద్దుతుండా.
ట్యూబు నొక్కితే నీలంగా వస్తుంది స్క్రబ్బు,
గసాల మాదిరి గింజలు
తోలు మీద గరగరా దొర్లుతాయి.
"హాయిగా ఉండాది" అంటారు కళ్లు మూసుకుని.
నాకూ హాయే. మొహానికి మూడొందలు.

మొన్న సింకు మూసుకపోయింది.
మస్తాను వచ్చి వంపు గొట్టం విప్పి
జుట్టు ఉండ లాగి బకెట్లో పడేసినాడు.
వెంట్రుకల్లో చిక్కుకుని
చేపగుడ్ల మాదిరి, నీలం.
"ఏందక్కా, ఇసకా?"
"క్రీములో గింజలబ్బా, కరిగిపోతాయి."
"యాడ కరిగినాయి?" అన్నాడు.
అంతే అన్నాడు. నూటయాభై తీసుకుని దిగిపోయినాడు.

ఆ రాత్రి చిటికెడు గరిటెలో వేసి
గ్యాసు మీద పెట్టినా.
ఉప్పయితే చిటపటలాడేది. పిండయితే మాడేది.
ఇది ముద్దయి, తీగ సాగి,
కవర్లు కాలిన వాసన.
గరిటె ఎంత తోమినా వదల్లేదు.

లెక్కలు నాకు రావు.
రోజుకు ఆరు మొహాలనుకో,
ఒక్కోదానికి రెండు చెంచాలు, పన్నెండేళ్లు.
గొట్టంలో చిక్కుకున్నవి సరే,
చిక్కుకోనివి?
సైడు కాలవలోకి, కాలవ పెన్నలోకి,
పెన్న ఊటుకూరు పక్కన సముద్రంలోకి.
చేపకు మొహం కడుక్కునే పని లేదు.
గుండ్రంగా ఉండాది, గుడ్డేమో అనుకుని
మింగుతుంది.

మా యమ్మది ఇస్కపల్లి, ఉప్పుకయ్యల్లో కూలి.
ఉప్పుటేరు నీళ్లు కయ్యల్లోకి మళ్లించి
ఎండకు వదిలేస్తారు.
నీళ్లు ఎగిరిపోతాయి.
ఎగరలేనిది కింద మిగుల్తుంది.
దాన్నే గుట్టలు పోసి, బస్తాలకెత్తి,
దాన్నే మనం కూరలో వేస్తాం.
పుట్టినప్పట్నుంచీ చూస్తుండా.
ఎగరలేనివి ఇంకేమేం ఉంటాయో
ఎప్పుడూ అనుకోలా.

వారం రోజులు పెసరపిండి పెట్టి చూసినా.
సుగుణమ్మ టీచరు అద్దంలో చూసుకుని
"పిండికి మూడొందలా? ఇంట్లో లేదా నాకు?" అనింది.
నిజమే మరి.
ఏజెంటు కొత్త ట్యూబు తెచ్చినాడు, ఆకుపచ్చది.
"వాల్‌నట్ తొక్క మేడం, అంతా చెట్టు సరుకే."
అట్ట మీద అక్షరాలు చీమల కన్నా చిన్నవి.
చెంచాడు గ్లాసు నీళ్లలో వేసి కలిపినా.
తొక్కయితే మునగాల.
తేలింది.

పాతవి ఏడు ట్యూబులు మిగిలినాయి.
కడిగేస్తే పెన్న.
చెత్తబండికిస్తే యాడో గుట్ట, వానొస్తే మళ్లీ పెన్న.
కాలిస్తే ఆ వాసన.
ఎవరికన్నా ఇద్దామంటే వాళ్లింట్లోనూ సింకుండాది.
పిలకాయలకు అందకుండా బీరువా మీద పెట్టినా,
ఎలుకల మందు పక్కన.

ఆదివారం మా యమ్మ వచ్చింది
రాళ్లుప్పు మూట చంకన పెట్టుకుని.
పచ్చి నెత్తళ్లు పులుసు పెట్టింది.
అన్నం కలుపుతుంటే
నా బొటనేలి గోటి సందులో
ఒకటి.
గీరి తీసి కంచం అంచున పెట్టినా.
వంగి చూసింది.
"గసాలా?
చేపల పులుసులో గసాలెందుకేస్తానే నేను?"