దుబాసి

ఎగ్మూరు కోర్టు మూడో అంతస్తులో
తెలుగు తప్ప మరో మాట రానివాళ్ళు బోనెక్కినప్పుడు
నన్ను పిలుస్తారు.
కాగితాల మీద నేను అనువాదకుణ్ణి.
వరండాలో ముసలి వకీళ్ళు మాత్రం
పాత మద్రాసు మాటే వాడతారు: దుబాసి.

పంతొమ్మిదేళ్ళుగా
రోజుకు ఐదారుసార్లు దేవుడి పేరు పలుకుతున్నాను.
"దేవుని సాక్షిగా నిజమే చెబుతాను" అని నేనంటే
బోనులో మనిషి నా వెనకే అంటాడు.
నేను దేవుణ్ణి నమ్మను.
మా నాన్న పోయిన రాత్రి కూడా నమ్మలేకపోయాను,
ప్రయత్నించాను కానీ.
అయినా ఆ మాట దగ్గర
గొంతు తగ్గించను, నమలను, విరవను.
అది వాళ్ళ సొత్తు.
పరాయి సొత్తు మోసేవాడు
ఇంకాస్త చూసుకుని నడవాలి.

బెంచి క్లర్కు నూరున్నిసా గారికి ఈ సంగతి తెలుసు.
మధ్యాహ్నం రికార్డు గదిలో ఆవిడ చాప పరిస్తే
తలుపు దగ్గర ఫైళ్ళు పట్టుకుని నిలబడేది నేనే.
ఎవరూ పురమాయించలేదు. గడియ ఊడిపోయింది, అంతే.
రంజాను నెలలో టీ గ్లాసు పట్టుకుని కిందికి దిగుతుంటే
ఒకసారి కసురుకున్నారు:
"ఉపవాసం నాదండీ, మెట్లు దిగడం మీరెందుకు?"
దిగాను.
అల్లం వాసన మాత్రం మెట్లెక్కి వచ్చిందట.

వాదించుకోలేదని కాదు.
"చావంటే భయం లేదా మీకు" అన్నారొకనాడు.
"మీకుందా" అన్నాను, అనకూడని గొంతుతో.
తర్వాత వారం రోజులు
కేసు నంబర్లు తప్ప మా మధ్య మాటల్లేవు.

మొన్న గురువారం చెంచమ్మ వచ్చింది.
పులియంతోపు. కార్పొరేషన్ కాంట్రాక్టులో వీధులూడుస్తుంది.
నుదుట రూపాయంత బొట్టు, మణికట్టుకు ఎర్రదారం.
మ్యాన్‌హోల్లోకి దిగిన యేసుపాదం
పైకి రాకపోవడం కళ్ళారా చూసింది.
నేను మొదలుపెట్టాను, "దేవుని సాక్షిగా..."
"ఆపు సామీ" అంది.
"ఆయన్నెందుకు ఈడకి లాగేది?
ఆయనకేమన్నా వాయిదాలా?
చూసింది నేను. చెప్పేది నేను.
తప్పయితే నన్నడగండి."

జడ్జిగారు తలెత్తి తమిళంలో అడిగారు:
సాక్షి నాస్తికురాలా?
దాన్ని తెలుగు చేసి అడగడం నా పని.
"నువ్వు నాస్తికురాలివా అమ్మా?"
"అంటే?"
"దేవుడు లేడనేవాళ్ళు. నాలాంటివాళ్ళు."
చివరి మాట జడ్జిగారు అడగలేదు,
నాకు తెలియకుండానే వచ్చేసింది.
చెంచమ్మ నవ్విన నవ్వుకి
నిద్రపోతున్న జవాను టోపీ సర్దుకున్నాడు.
"లేకపోతే పొద్దున్నే గంగమ్మకాడ
యేసుపాదం పేరు ఎవురికి చెప్పొచ్చినా?
వొచ్చినోడల్లా ఆయనమీద ఒట్టేసి పోతా ఉండాడు ఈడ.
ఆయప్ప మొగం చూడలేకుండా ఉండా."

దీన్ని తమిళంలో ఎలా పెట్టను?
"సాక్షికి భక్తి ఎక్కువ,
కనక దేవుడి పేరు వద్దంటోంది" అన్నాను.
జడ్జిగారు కలం కింద పెట్టి, మళ్ళీ తీశారు.

చట్టంలో ఇంకో వాక్యం ఉంది,
దేవుడు లేనిది, మనస్సాక్షిగా అనేది.
ఇన్నేళ్ళలో నేను దాన్ని పలికింది
పదిసార్లు కూడా ఉండదు.
ఎప్పుడో ఎవరో నాకోసమే రాసిపెట్టారనుకునేవాణ్ణి.
అందులో చెంచమ్మకీ చోటుందని
ఆ రోజుదాకా తట్టలేదు.
నేనన్నాను, ఆమె అంది.
నూరున్నిసా గారు రిజిస్టరులో రాసుకుంటూ
కళ్ళజోడు పైనుంచి ఒకసారి నన్ను చూశారు.

సాయంత్రం బస్టాపులో
చెంగు ముడి విప్పి ఒక కుంకం పొట్లం చాపింది.
"నేను నమ్మనమ్మా."
"నమ్మమన్నానా? పట్టుకోమన్నా.
చెప్పు తెగింది, బస్సొస్తా ఉంది, రెండు చేతులూ కావాల."
చెప్పులు సంచిలో కుక్కుకుని
కడ్డీ పట్టుకుని ఎక్కేసింది.
బస్సు కదిలింది.
పొట్లం నా చేతిలోనే ఉండిపోయింది.

వాయిదా పద్దెనిమిదికి వేశారు.
అందాకా అది నా సొరుగులో, స్టాంపు ప్యాడు పక్కన.
నిన్న ఫైలు కోసం సొరుగు లాగిన నూరున్నిసా గారు
ఏమీ అడగలేదు.
ఊదా సిరా అంటుకుంటుందని
ప్యాడుని అవతలికి జరిపి మూశారు.