జాకెట్ల లెక్క

రామ్మూర్తి నగర్‌లో మా ఇంట్లో
రూపాయల్లో లెక్క వెయ్యం.
లైనింగ్ జాకెట్టు మూడొందలు.
చేతన మొదటి టర్మ్ ఫీజు
నూటయాభై జాకెట్లు.

బస్సు వద్దన్నాం, ముప్పై తగ్గాయి.
బూట్లు రెండు సైజులు పెద్దవి కొని
ముందు దూది కుక్కాను,
ఏటేటా కొంచెం లాగేస్తే సరి.
ఓబులేసు సిగరెట్లు మానేశాడు.
అవి పది జాకెట్లంటాడు,
నేను ఆరే రాసుకున్నాను.

వరమహాలక్ష్మి నెలలో
వీధి వీధంతా
నా టేపు ముందు చేతులెత్తి నిలబడుతుంది.
జూన్ పదో తారీఖు
అందాకా ఆగదు కదా.
అందుకే మేలోనే చీటీ పాడేశాను,
ఐదు వేలు వదులుకుని.

ఈ పొద్దున స్కూలు కౌంటర్లో
రసీదు అడుగున ఇంకో గీత:
ఇతరాలు, పద్దెనిమిది వందలు.
ఏమిటివి అని అడిగాను.
"ఇతరాలే మేడం" అన్నాడు కన్నడంలో,
చాలా మర్యాదగా.

ఆరు జాకెట్లు.
ఓబులేసు పొగంతా
ఆ ఒక్క గీతలోకి పోయింది.

ఇంటికొచ్చి నా పుస్తకం తిరగేశాను.
బాడుగ ఉంది, బియ్యం ఉంది,
అత్త బీపీ మాత్రలున్నాయి,
సూదులూ బాబిన్లూ కూడా ఉన్నాయి.
ఇతరాలు ఎక్కడా లేవు.
జ్వరం వచ్చినా, చుట్టం వచ్చినా
బియ్యంలోంచే తీశాం ఇన్నాళ్ళూ.

మిషన్ పక్కన నేల మీద
చేతన భాగహారం చేస్తోంది.
"రిమైండర్ వస్తే ఏం చెయ్యాలమ్మా?"

పక్కన రాసిపెట్టుకో అన్నాను,
సూదిలోకి దారం ఎక్కక
మళ్ళీ తడుపుతూ.