సూదుల డబ్బా

ఇల్లు చూడ్డానికొచ్చిన ఆఫీసరమ్మ
కిటికీ చెక్క మీద వేలు రాసి చూసుకుంది.
నల్లగా అంటింది.
"పోర్టు బొగ్గండీ, జ్ఞానాపురంలో అందరి కిటికీలూ ఇంతే,
పొద్దున్నే తుడిచాను" అన్నాను.
ఆ ఒక్క మసీ నాది కాదని చెప్పుకోగలిగినందుకు
లోపల ఎంత సంబరమో!

మిగతాదంతా నాదే.

నర్సుని.
నరం దొరకని చేతుల్లో నరం పట్టేదాన్ని,
చీకట్లో కూడా, పసిపిల్లల పాదాల్లో కూడా.
"ఎస్తేరు సిస్టరొచ్చేదాకా ఆగండి" అనేవారు వార్డులో.
నడుం పట్టేసిన ఒక నైట్ డ్యూటీలో
గాజు బుడ్డి అడుగున మిగిలిన మందు
పారబొయ్యబోయి ఆగాను.
అంతే, ఆగడమే.
తర్వాత్తర్వాత
మిగలకపోతే మిగల్చడం నేర్చుకున్నాను.
పదకొండో బెడ్డు తాతయ్య, మోకాలి దాకా కాలు తీసేసిన మనిషి,
సగం మందుతో తెల్లవార్లూ మూలిగాడు.
ఆయన పోవాల్సిన నిద్ర నేను పోయాను.

కెజియాకి అప్పుడు ఆరేళ్ళు.
స్కూలు గేటు దగ్గర రాత్రి ఏడింటిదాకా కూర్చుని
వాచ్‌మన్ క్యారేజీ మూతలో అటుకులు తిందట.
నేను బాత్రూంలో ఉన్నాను.
తలుపు విరగ్గొట్టింది మా వదిన రూతమ్మ.

వాళ్ళ నాన్న పారాదీప్ పనికెళ్ళి
మమ్మల్ని ఎప్పుడో మర్చిపోయాడు గనక
మేనత్తే తీసుకుపోయింది, కంచరపాలెం.
కమిటీ ముందు ఆవిడ నోరు తెరిస్తే
సూది కోసం సోదికెళ్ళినట్టే అయింది.
అమ్మేసిన గొలుసు, అద్దె బాకీ,
పిల్ల జ్వరానికి తెచ్చిన డబ్బు ఏమైందో అదీ.
ఒక్కటీ అబద్ధం కాదు.

చినవాల్తేరు ఆసుపత్రిలో నలభై రోజులు.
అల్లిపురం బేకరీలో బన్నులు లెక్కబెట్టే పని.
పదిహేను రోజులకోసారి
మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో
నా మాట మీద నమ్మకం లేనివాళ్ళకి నా ఒంట్లోంచి సాక్ష్యం.
శనివారం ఒక గంట కెజియా.
గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తూ రూతమ్మ.
"బాగయిపోనావేటి?" అని అడిగేది పిల్ల.
"అవుతున్నానే."
"ఇంకా ఎన్ని శనివారాలు?"
నాకు తెలిస్తే కదా.

ఏడాదిన్నరకి, ఆర్డరు కాగితం.
రూతమ్మే దింపింది ఆటోలో.
బట్టల సంచీ, ఎండునెత్తళ్ళ పొట్లం.
"రాత్రిళ్ళు లైటు తియ్యకు. బెదురుతాది" అంది.
మెట్లు దిగుతూ ఒక్కసారీ వెనక్కి చూడలేదు.
కొంగు మాత్రం మొహం మీదికి వెళ్ళింది.

సోమవారం పొద్దున్న యూనిఫాం గుండీ ఊడింది.
"సూది తేవే" అన్నాను,
పాలు పొంగుతున్నాయేమోనని చూస్తూ.
గూడ్సు బండి వెళ్ళిపోయింది, వంతెన అదురు తగ్గింది.
పిల్ల రాదు.
తిరిగి చూద్దును కదా,
గది మధ్యలో నిలబడి ఉంది,
నా మోచేతి మడత వైపే చూస్తూ.
ఆ మాటకి మా ఇంట్లో ఒకటే అర్థం ఉండేది.

"కుట్టే సూదే తల్లీ, గుండీకి."
"పిన్నీసు ఎట్టుకుంతాను" అంది.

సాయంత్రం బడి నుంచి వచ్చి
అలమరలోంచి బిస్కెట్ల డబ్బా దింపింది,
సూదులు, దారపు ఉండలు, బొత్తాలు ఉండేది.
"ఇది నా కాడుంతాది."
పుస్తకాల సంచీలో, లెక్కల నోటు కింద పెట్టుకుంది.
నేను నీ అమ్మనే అని నోటిదాకా వచ్చింది.
"సరే" అన్నాను.

ఇప్పుడు లంగా అంచు ఊడినా, దిండు గలీబు చిరిగినా
దాని ముందు నిలబడాలి.
"ఎందుకు?" అంటుంది.
చిరుగు చూపిస్తాను.
చూస్తుంది, వేలు దూర్చి మరీ.
ఒకటి తీసి ఇస్తుంది.
ఎన్ని నరాలు పట్టిన చెయ్యో ఇది,
దారం ఎక్కించడానికి వణుకుతుంది.
లాక్కుని, కొస నోట్లో తడిపి, తనే ఎక్కిస్తుంది.
ముడి వేసేదాకా పక్కనుంచి కదలదు.
ఆనక చెయ్యి చాపుతుంది.

ఇచ్చేస్తాను.
ఎన్నున్నాయో లెక్క చూసుకుని
మూత పెడుతుంది.