నునుపు

కానాక్‌లో నవంబరు మధ్యాహ్నం.
సూర్యుడు పోయి మూడు వారాలు,
ఫిబ్రవరి దాకా మళ్ళీ రాడు.
వేటగాళ్ళ సంఘం ఆఫీసులో
ప్రింటరు మూలిగి మూలిగి ఒక కాగితం కక్కింది.
నలుపు, తెలుపు, మధ్యలో బూడిద.

ఇది ఫోటో కాదు మామా.
ఫోటోకి వెలుతురు కావాలి,
మబ్బు పక్కకి తప్పుకోవాలి.
ఇది చీకట్లోకి వేసిన కేక.
తిరిగొచ్చిన మేర తెలుపు,
రానిది నలుపు.

ఊసక్కాక్ మామ కళ్ళజోడు మర్చిపోయి వచ్చాడు,
కాగితాన్ని ముక్కుకి ఆనించి చూస్తాడు.
సీల్ కొవ్వు మరక అప్పుడే అంటింది మూలకి.
"ఈ తెల్లటిది గట్టి మంచేనా?"
గట్టిదే. కానీ విరిగి, ఒకదాని మీదొకటి ఎక్కి
మళ్ళీ గడ్డకట్టిన గుట్టలు అవి,
బండి సాగదు.
విరిగినదే బదులు పలుకుతుంది మామా.
నునుపైనది
కేకను అవతలి పక్కకి జార్చేస్తుంది,
ఉలకదు, పలకదు.

దూరపు కొండలు నునుపంటారే,
ఏడు వందల కిలోమీటర్ల పైనుంచి
దీనికి కనపడేదల్లా గరుకే.

మొట్టమొదటిది నేను పుట్టిన వేసవిలో ఎగిరింది.
సముద్రాన్ని చూసి రమ్మని పంపితే
నూట అయిదు రోజులు చూసింది,
లోపల ఎక్కడో కరెంటు కలిసిపోయి ఆరిపోయింది.
నాకింకా పాలపళ్ళు రాలేదు.
అమ్మనడిగితే ఆ ఊసే తెలీదంది,
ఆ ఏడు నార్వాల్‌లు బాగా పడ్డాయి, అదీ తనకి గుర్తు.
ఆ రోజుల్లో ఫిల్ము మీద పిచ్చిగీతలే వచ్చేవట,
లేజరు కాంతి దూరిస్తే గానీ
గీతలు అలలయ్యేవి కావట.

నాకు పని నేర్పిన కోపెన్‌హాగెన్ అమ్మాయి, మరెన్,
బోర్డు మీద గీసి చెప్పింది:
ఇంత సన్నగా చూడాలంటే
కిలోమీటర్ల పొడుగు యాంటెన్నా కావాలి.
అంత బరువు ఆకాశంలోకి ఎవరు మోస్తారు?
అందుకని పొట్టిదాన్నే పరిగెత్తిస్తారు.
అడుగడుగునా విన్నది పారేసుకోకుండా దాచి
అన్నిటినీ ఒక్క చెవిగా కుడతారు.

మామకి చెబితే నవ్వాడు.
"నిలబడ్డచోటే నిలబడి
మంచును తెలుసుకున్నవాడు ఎవడే?"

ఇప్పుడు చెప్పలేక చెబుతున్నది ఇది:
నిరుడు నేనే అన్నాను,
దీవి వైపు నల్లగా ఉంది, నునుపు, దారి బాగుందని.
ఆ పూట గాలి లేదు.
గాలి లేని నీళ్ళూ ఉలకవు, పలకవు.
కాగితం మీద రెండూ ఒకే నలుపు.
ఇనుకిత్సోక్ బండి, నాలుగు కుక్కలు
ఆ నలుపులోకి పోయాయి.
అతను పాక్కుంటూ వచ్చాడు. రెండు వేళ్ళు ఆసుపత్రిలో తీసేశారు.
నన్నెవరూ ఏమీ అనలేదు,
కొట్టుకెళ్తే అతని పెళ్ళాం నవరానా
నా చిల్లర నా చేతికే ఇస్తుంది ఇప్పటికీ.

అప్పట్నుంచీ నల్లటి మచ్చ పక్కన
ఎర్ర పెన్నుతో ప్రశ్నార్థకం పెడుతున్నాను.
ఈ వారం పదకొండు.
మామ లెక్కపెట్టాడు, ఏమీ అనలేదు.
నాలుగు మడతలు పెట్టి చొక్కాలో దోపుకున్నాడు,
గోడకి ఆనించిన ఇనుపమొన గెడ తీసుకున్నాడు.
ఒక్క పోటుకే నీరొస్తే వెనక్కి,
మూడింటికీ రాకపోతే ముందుకి.
వాళ్ళ నాన్న చెప్పిన లెక్క అది.

ఆ పైది ఈపాటికి ఎటో దాటిపోయి ఉంటుంది,
ఏ అగ్నిపర్వతం పొట్ట
ఎన్ని వేళ్ళ మందం ఉబ్బిందో కొలుస్తూ.
మన మీదికి మళ్ళీ రేపు.

రేడియో పెట్టుకుని కూర్చున్నాను.
కుక్కల మొరుగు, గొలుసు చప్పుడు,
మామ ఎవరినో తిడుతున్నాడు, కుక్కనే కాబోలు.
తర్వాత కుక్కలు ఊరుకున్నాయి.

టక్.

టక్.

కాఫీ చేతిలోనే చల్లారుతోంది.